ఊపిరంత ఆలస్యం

"టిక్కు ఒక్కటే పెట్టాలి," అన్నాడు సంగీత కళాశాల గుమాస్తా, కిటికీలోంచి ఫారం బయటికి తోస్తూ. "రెండు పెట్టావో, రెంటికీ చెడ్డ రేవడివే."

"పెట్టాక మార్చుకోవచ్చాండీ?"

"నువ్వు మార్చలేవు. ఆడిషన్ కమిటీ వాళ్ళు మార్చాలనుకుంటే మార్చొచ్చని రూల్సులో ఉంది. నేనీ కుర్చీలో కూర్చుని పద్దెనిమిదేళ్ళయింది. వాళ్ళు అలా అనుకోగా నా కంటితో చూడలేదు. ఊఁ, తర్వాతెవరు?"

ఆ ఫారం పుచ్చుకుని పక్కకి జరిగిన పిల్లని కాలేజీలో అందరూ సూది అంటారు. దర్జీ కూతురు, దానికి తోడు పొడుగ్గా పీలగా ఉంటుంది. ఇంకేం, చేరిన వారంలోనే ఎవరో అన్నారు, అంటుకుపోయింది. ఆమెకీ కోపం లేదు. పియానో వాయించేవాళ్ళలో రోడ్డురోలరు అనిపించుకున్నవాడు కూడా ఉన్నాడు, వాడితో పోలిస్తే సూది నయం కాదూ!

ఫారంలో ఐదు గళ్ళున్నాయి. నాలుగేళ్ళ డిగ్రీ అయిపోవచ్చింది, ఇక ఆ పైన రెండేళ్ళ పీజీ. సోలో, బృందవాద్యం, పక్కవాద్యం, బోధన, స్వరరచన. పియానో వాళ్ళు ఐదింట్లో దేనికైనా వెళ్ళొచ్చు, రానిస్తే. పియానో సోలోకి సీట్లు రెండు, ఎగబడ్డవాళ్ళు పదకొండుమంది. మిగతావాటికి అంత తొక్కిసలాట లేదు. సీటు రాలేదనుకోండి, కాలేజీ గేటు బయటికి చాలా వెడల్పుగా తెరుచుకుంటుంది. సూదికైతే ఆ దారి నేరుగా అమ్మ టైలరింగ్ కొట్లో రెండో మిషను దగ్గరికి పోతుంది. మిషను కుట్టడం తప్పని కాదు. కానీ నాలుగేళ్ళు పియానో దగ్గర కూర్చున్న వేళ్ళు జీవితాంతం జిప్పులు మార్చాలంటే ఏడుపొస్తుందా, రాదా?

ఆ రోజు పెద్ద హాల్లో ఐదు బల్లలు వేశారు, ఒక్కో చదువుకి ఒక్కోటి. వెనకాల ఆ శాఖ మేష్టార్లు, ముందు పిల్లలు. సోలో బల్ల దగ్గర ఇసుక వేస్తే రాలనంతమంది. అక్కడ గోడకి పెద్ద బొమ్మ అంటించారు: చీకటి వేదిక, మధ్యలో వెలుగు, ఆ వెలుగులో ఒకే ఒక్క మనిషి. స్వరరచన బల్ల దగ్గర ఇద్దరు ప్రొఫెసర్లు వాళ్ళలో వాళ్ళే కొట్టుకుంటున్నారు, పిల్లల్ని చూసే తీరికే లేదు. బోధన బల్ల చుట్టూ పిల్లలకంటే తల్లిదండ్రులే ఎక్కువ. పక్కవాద్యం బల్ల దగ్గర మాత్రం ఈగ లేదు. ఒక పెద్దావిడ ప్లేటునిండా బిస్కెట్లు పెట్టుకుని, ఎవరూ రావట్లేదు కదా అని తనే తింటోంది.

"రామ్మా, బిస్కెట్ తీసుకో. బిస్కెట్‌కి టిక్కు పెట్టక్కర్లేదు," అంది.

సూది మొహమాటంగా ఒకటి తీసుకుంది.

"నువ్వు ఆరో నంబరు గది పిల్లవి కదూ? గోడకి ఇవతల ఏడో గది నాది. నాలుగేళ్ళుగా వింటున్నాను."

"బాగుంటుందాండీ?"

"ఆ పియానో శ్రుతి తప్పి చాలాకాలమైంది. నువ్వు మాత్రం బాగానే ఉన్నావు."

ఇంకేదో అడగబోయింది గానీ, వెనక నుంచి దగ్గు వినబడింది. టిక్‌టిక్ మేష్టారు. సూదికి పియానో నేర్పే ఆయన. తాళం కొట్టే యంత్రం చంకలో లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. పెళ్ళిలో కూడా పక్కన పెట్టుకున్నారని పిల్లలు చెప్పుకుంటారు. ఆయన సూదిని రెక్క పుచ్చుకుని నాలుగడుగులు ఇవతలికి లాక్కొచ్చారు.

"అక్కడేం పని నీకు? వంట రానివాళ్ళు వడ్డనకి దిగే చోటది. నీకు వంట వచ్చు."

"బిస్కెట్ ఇస్తేనూ..."

"బిస్కెట్ ఇస్తే కొంప రాసిచ్చేస్తావా? వచ్చే ఏడు నేను రిటైరవుతున్నాను. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను, నా చేతికింద ఒక్కరంటే ఒక్కరు సోలో పీజీకి వెళ్ళలేదు. నువ్వు వెళ్ళాలి. అంతే."

సూదికీ సోలో అంటే ఇష్టమే. ఇష్టమేననుకుంటోంది. నాలుగేళ్ళుగా అందరూ "నీకిది ఇష్టం, నీకిది ఇష్టం" అంటూంటే ఏ పిల్లయినా అవుననే అనుకుంటుంది మరి.

కొట్టు కాలేజీకి రెండు వీధుల అవతల. కింద కొట్టు, పైన ఇల్లు. కొట్లో రెండు మిషన్లు, కత్తిరించే పొడుగు బల్ల, కిటికీ పక్కన అమ్మమ్మ కుర్చీ. అమ్మమ్మకి కళ్ళు మందగించాయి గానీ కాజాలు కుట్టడానికి ఆవిడకి కళ్ళెందుకు, వేళ్ళే చూసుకుంటాయి. నోరు మాత్రం ఖాళీగానే ఉంటుంది, దాన్ని లోకం మీదికి వదులుతుంది.

సూది వెళ్ళేసరికి అమ్మ ఒక భారీకాయుడికి కొలతలు తీస్తోంది. అమ్మకో అలవాటుంది. నడుముకి టేపు చుట్టాక వెంటనే అంకె చూడదు. ఎందుకంటే కొట్లోకొచ్చే మహానుభావులందరూ టేపు తగలగానే పొట్ట లోపలికి లాగేస్తారు. ఆ అంకె రాసుకుని కుట్టారో, నాలుగో రోజుకి ప్యాంటు వెనక్కొస్తుంది, పైగా "సరిగ్గా కుట్టలేదు" అని మాట. అందుకని అమ్మ టేపు పట్టుకుని ఊరికే ఆగుతుంది. వాళ్ళబ్బాయి చదువు సంగతో, వాళ్ళావిడ మోకాలి నొప్పి సంగతో అడుగుతుంది. జవాబు చెప్పాలంటే ఊపిరి వదలాలి కదా! వదిలాడా, పొట్ట ఇంటికొచ్చిందా, అప్పుడు వంగి అంకె చూస్తుంది.

"పొట్ట నిజం చెప్పేదాకా నేను పెన్సిలు ముట్టుకోను," అంటుంది అమ్మ.

ఆయన వెళ్ళాక సూది బల్ల మీద ఫారం పరిచింది. అమ్మ నోట్లో గుండుసూదులు తీసి డబ్బాలో వేసింది. ఇక మాట్లాడబోతోందని అర్థం.

"సోలోయే కదే?"

"మరి?"

"ఏమో, ఆ పాటల పిల్ల నీ బుర్ర తినేసిందేమోనని. ఎన్నాళ్ళే ఈ తోడుపెళ్ళికూతురి బతుకు? నాలుగేళ్ళ నుంచీ దాని పక్కన కూర్చుని వాయిస్తూనే ఉన్నావు. చప్పట్లు దానికి. పూలు దానికి. నీకేం మిగిలింది? అదీ!" అని గోడకేసి చూపించింది.

గోడ మీద ఫ్రేము కట్టించిన పేపరు ముక్క ఉంది. కాలేజీ కచేరీ ఫొటో. మధ్యలో నోరు బార్లా తెరిచి పాడుతున్న పిల్ల సూది స్నేహితురాలు, కంచు కంఠం కాబట్టి పేరు కంచు. ఫొటో అంచున, పియానో చివర, ఒక మోచెయ్యి ఉంది. ఆ మోచెయ్యే సూది. పేపరువాడు అంతవరకే కత్తిరించాడు. అయినా అమ్మ దాన్ని ఫ్రేము కట్టించింది. కొత్తగా ఎవరు కొట్లోకొచ్చినా "మా అమ్మాయి" అని ఆ మోచేతి మీద వేలు పెట్టి చూపిస్తుంది. చూపించిన ప్రతిసారీ కడుపు రగిలిపోతుంది ఆవిడకి, అది వేరే సంగతి.

"ఈసారి మనిషంతా పడాలి ఫొటోలో," అని అమ్మ బీరువా తీసింది.

లోపల నల్ల పట్టు గౌను వేలాడుతోంది. మూడు నెలలనుంచీ కొట్టు మూశాక, కొట్టు తెరవకముందు, తీరిక దొరికిన ప్రతి అరగంటా కూర్చుని కుట్టింది. ఛాతీ నిండా వెండి దారంతో పూలపని, మెడ నుంచి నడుందాకా. చేతులు మాత్రం సాదాగా వదిలేసింది.

"వాయించడం అయ్యాక లేచి నిలబడి, జనానికి తిరిగి, వంగి నమస్కారం చేస్తావు చూడు, అప్పుడు హాలంతా ఈ పువ్వుల్ని చూడాలి."

సూది ఆ పూల మీద ఓసారి చెయ్యి వేసింది. వెంటనే పెన్ను తీసి సోలో గడిలో టిక్కు పెట్టేసింది.

కిటికీ దగ్గర్నుంచి అమ్మమ్మ అడిగింది. "నీకు నచ్చింది పెట్టావుటే, మాకు నచ్చింది పెట్టావుటే?"

"రెండూ ఒకటే అమ్మమ్మా."

"అయితే సరే," అని అమ్మమ్మ మళ్ళీ కాజాలో పడింది. ఆ "సరే" సూదికి రెండు రోజులు చెవిలో గుచ్చుకుంటూనే ఉంది.

ఆడిషన్‌కి మూడు వాయించాలి. మొదటి రెండూ కాలేజీ వాళ్ళే నిర్ణయించినవి, వేళ్ళు విరిగేంత కష్టమైనవి. మూడోది విద్యార్థి ఇష్టం. టిక్‌టిక్ మేష్టారు బాగా ఆలోచించి ఒక పాట చెప్పారు. నిజానికది గొంతుతో పాడే పాట. కానీ సోలో పియానో కోసం ఎవరో మార్చి రాశారు. గొంతు పాడే వరసా, పక్కన పియానో వాయించే వరసా రెండూ ఒక్కరి రెండు చేతుల్లోకే వస్తాయి. ఆ పాట సూది కంచు పక్కన కూర్చుని తక్కువలో తక్కువ నూరుసార్లు వాయించి ఉంటుంది.

"నీ వేళ్ళకి కళ్ళు మూసుకున్నా తెలిసిన పాట. దీంతో కమిటీ పడిపోవాలి," అన్నారు మేష్టారు.

తెలిసిన పాటే మెడకి చుట్టుకుంటుందని పాపం ఆయనకేం తెలుసు! ఆరో గదిలో నెల్లాళ్ళు సాధన చేసింది. చంకలో యంత్రం బల్లమీద పెట్టి మేష్టారు టిక్కు టిక్కుమనిపిస్తూంటే దానికి కట్టుబడి వాయించింది. యంత్రం ఉన్నంతసేపూ ఒక్క తప్పు లేదు.

కంచు మాత్రం అలిగింది. తను పాటల సోలోకి టిక్కు పెట్టింది, ఆ పిల్లకి సీటు వచ్చేస్తుందని అందరికీ తెలుసు. "రేపట్నుంచి నాకెవరే వాయించేది? ఆ రోడ్డురోలరా? వాడు నేను పాడుతున్నానో పోయానో కూడా చూసుకోడు," అంటుంది. "నేనెప్పుడు ఊపిరి తీసుకుంటానో నాకే తెలీదు, నీకెలా తెలుస్తుందే?"

"నీ ఎడం భుజం లేస్తుంది ముందు," అంది సూది. "పొద్దున్న అమ్మతో దెబ్బలాడి వచ్చావనుకో, ఇంకాస్త ఆలస్యంగా లేస్తుంది."

"ఛీ, పో! సిగ్గేస్తోంది," అని కంచు నవ్వేసింది. దాని అలక అంతసేపే.

ఆడిషన్ రోజు మధ్యాహ్నం రెండింటికి పిలిచారు. గదిలో ఓ పొడుగు బల్ల, వెనకాల నలుగురు. మధ్యలో కళ్ళజోడు పెద్దాయన అధ్యక్షుడు. అటూ ఇటూ ఇద్దరు. చివర, కిటికీ పక్క, బిస్కెట్ల టీచరు. ఈసారి బిస్కెట్లు లేవు. తమ విద్యార్థులకి తాము మార్కులు వేయకూడదు కాబట్టి టిక్‌టిక్ మేష్టారు బయట వరండాలో ఉండిపోయారు. సూది పాత తెల్ల చొక్కాలోనే వచ్చింది. సీటు వచ్చాక, మొదటి కచేరీకే గౌను తీయాలని అమ్మ ఆన.

మొదటిది వాయించింది. తప్పు లేదు. రెండోది వాయించింది. తప్పు లేదు. అధ్యక్షుడు కాగితం మీద ఏదో చిన్నగా రాసుకుని కళ్ళజోడు తుడుచుకున్నాడు. బాగా వాయిస్తే కళ్ళజోడు ఎవరూ తుడుచుకోరని సూదికి తెలుసు.

మూడోది ఎత్తుకుంది. ఇక్కడ మాత్రం హాయిగా అనిపించింది, సొంతింట్లో అడుగుపెట్టినట్టు. మొదటి చరణం అయింది. రెండో చరణంలో వరస పైకెక్కుతుంది, ఎక్కి ఎక్కి శిఖరం మీది స్వరం ముందు...

ఆగింది.

మర్చిపోయి కాదు. వేళ్ళు పియానో మెట్లమీదే ఉన్నాయి. గదిలో చప్పుడు లేదు. ఓ క్షణం, ఇంకో అర క్షణం. అప్పుడు పైస్వరం మీదికి వాలి, పాట పూర్తిచేసింది.

"మధ్యలో ఎందుకాగావమ్మా?" అన్నాడు అధ్యక్షుడు కాగితాలు తిరగేస్తూ. "నొటేషన్‌లో అక్కడ విరామం లేదే!"

సూదికి అసలు ఆగినట్టే తెలీదు. "ఎక్కడండీ?"

ఆయన వేలుపెట్టి చూపించాడు.

"ఓ, అక్కడాండీ," అంది సూది, నోరు జారి. "అక్కడ ఆమె ఊపిరి తీసుకుంటుంది."

"ఎవరూ?"

సూది పియానో పక్కకి చూసింది. ఎవరూ లేరు. నున్నటి చెక్క నేల తప్ప అక్కడేం లేదు. చెవుల దాకా ఎర్రబడింది మొహం. చూడండి, ఇలాంటి తప్పు తాగినవాడు కూడా చెయ్యడు: లేని మనిషికోసం ఆగడం!

"సరే, మళ్ళీ వాయించు. ఆగకుండా," అన్నాడాయన.

మళ్ళీ వాయించింది. ఆగకూడదు, ఆగకూడదనుకుంటూనే ఆ చోటికి వచ్చింది. చెయ్యి దానంతటదే లేచింది. ఆగింది. కమిటీలో ఒకాయన దగ్గులాంటి నవ్వొకటి నవ్వాడు.

మూడోసారి లోపల ఒకటీ రెండూ లెక్కపెట్టుకుంటూ, టిక్‌టిక్ యంత్రాన్ని తలుచుకుంటూ, ఎలాగైతేనేం ఆగకుండా దాటేసింది. దాటాక ఆమెకే నచ్చలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అంది, "పాపం, ఊపిరాడలేదండీ."

"ఎవరికి?"

"పాటకండీ."

కిటికీ పక్కన కుర్చీ కిర్రుమంది. బిస్కెట్ల టీచరు లేచి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, పియానో పక్కన ఆ ఖాళీ నేలమీద నిలబడింది. "నొటేషన్ మూసెయ్యమ్మా. కంచు పక్కన వాయిస్తావే, ఆ వరస ఎత్తుకో. నేను పాడతాను. నా గొంతు బాగోదు, క్షమించు."

గొంతు బాగోకపోవడమేమిటి, ఘోరంగా ఉంది. అయినా సూది ఎత్తుకుంది. ఆవిడ కావాలనే ఒకచోట సాగదీసింది, సూది సాగింది. ఒకచోట పరిగెత్తింది, సూదీ పరిగెత్తింది. రెండో చరణంలో ఆవిడ రెండు పంక్తులు అమాంతం మింగేసింది. సూది కూడా మింగేసి ఆవిడతోపాటే అవతల తేలింది. శిఖరం ముందు ఆవిడ ఊపిరి తీసుకోనేలేదు, గడుసుగా అలా నిలబడిపోయింది. సూది ఆమె కంఠం కేసి చూస్తూ వేళ్ళు గాల్లో పెట్టుకుని కూర్చుంది. ఒకటి, రెండు, మూడు. కాలర్ దగ్గర చర్మం కాస్త కదిలింది. ఇద్దరూ ఒక్కసారే పైస్వరం మీద దిగారు. సూదికి నవ్వాగలేదు. వాయిస్తూనే పకపకా నవ్వింది. పొద్దున్నుంచీ చెవులకి ఆని ఉన్న భుజాలు అప్పుడు కిందికి దిగాయి.

అధ్యక్షుడు ఈసారి కళ్ళజోడు తుడుచుకోలేదు. "ఇది నీకెవరు నేర్పారు? మీ మేష్టారా?"

సూది ఒక్క క్షణం ఆలోచించింది. "మా అమ్మండీ."

"ఆవిడదీ పియానోయేనా?"

"కాదండీ. దర్జీ."

నలుగురూ తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుకున్నారు. తర్వాత అధ్యక్షుడు మొహమాటం లేకుండా చెప్పేశాడు. "సోలోకి నిన్ను తీసుకోవట్లేదమ్మా."

మిషను, జిప్పులు, బీరువాలో గౌను, అమ్మ మొహం, అన్నీ ఒక్కసారే సూది కళ్ళముందు తిరిగాయి.

"నేను తీసుకుంటాను," అంది బిస్కెట్ల టీచరు. "పక్కవాద్యంలో. కమిటీ టిక్కు మార్చాలనుకుంటోంది, పాపం ఆ గుమాస్తాకి పద్దెనిమిదేళ్ళ ముచ్చట తీరుద్దాం. కానీ నువ్వూ అనుకోవాలి కదా! ఐదింటికి కిటికీ మూసేస్తాడు. ఆలోగా వెళ్ళి సంతకం పెట్టు. పెట్టకపోతే నీ ఇష్టం, నేనేమీ అనుకోను."

వరండాలో టిక్‌టిక్ మేష్టారు గోడకి ఆనుకుని ఉన్నారు. సూది చెప్పింది. ఆయన యంత్రాన్ని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకున్నారు. సూది తలొంచుకుంది, చీవాట్లు పడతాయని.

"తలుపు దగ్గర విన్నాను," అన్నారాయన. "ఆవిడ గొంతు దరిద్రం. అయినా పాట బాగుంది. ముప్ఫై ఏళ్ళలో అంత బాగా నేను వినలేదు, ఏం చెయ్యను!" అని ముక్కు చీదుకున్నారు. "నాకు బాధగా ఉంది. ఉండనీ. వెళ్ళు, మీ అమ్మకి చెప్పు. నాకు చెప్పినంత తేలిక కాదది."

కాదు మరి. కొట్లోకి వెళ్ళేసరికి అమ్మ మిషను ఆపి, చేతులు తుడుచుకుని సిద్ధంగా నిలబడి ఉంది. గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. సూది ఒక్క గుక్కలో చెప్పేసింది, లేని మనిషి కోసం ఆగడం దగ్గర్నుంచి ఐదు గంటల సంతకం దాకా.

"సూది కోసం సోదికెళ్తే పాత రంకంతా బయటపడిందిట," అంది అమ్మమ్మ కులాసాగా.

"అమ్మా! చిన్నపిల్ల ముందు ఏం మాటలవి!"

"నిజమే కదే. దేనికోసమో వెళ్ళింది, దాచుకున్నది బయటపడింది."

అమ్మ నవ్వలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "అంటే మళ్ళీ పక్కనేనా? ఇంకో రెండేళ్ళూ, ఆ తర్వాత జీవితమంతా? నిన్నెవరూ చూడరే! మూడు నెలలు కుట్టాన్నేను. ఎవరు చూస్తారని కుట్టాను?"

సూదికి ఇంక ఆగలేదు. "నాకు ఒక్కదాన్నే వాయిస్తే భయమేస్తుందమ్మా. తప్పులు రావు. తప్పులు రానంత భయమేస్తుంది. ఎవరికోసం వాయిస్తున్నానో తెలీదు. పక్కన ఎవరైనా ఉంటే, వాళ్ళు ఎక్కడ ఊపిరి తీసుకుంటారా అని చూస్తూ వాయిస్తే, నాకు సంతోషంగా ఉంటుంది. చాలా సంతోషంగా ఉంటుందమ్మా. నీతో చెప్పలేదు, నువ్వు బాధపడతావని. ఇది ఎవరు నేర్పారని అడిగితే నీ పేరే చెప్పాను."

"నేనా? నాకా పియానో మూత తియ్యడం కూడా రాదు!"

"టేపు పట్టుకుని ఎందుకాగుతావు మరి?"

అమ్మ చెయ్యి మెళ్ళో టేపు మీదికి పోయింది. అమ్మమ్మ కుర్చీలో కిసుక్కుమంది. "దానికి నేను నేర్పాను. నా పేరెవరూ చెప్పరు," అంది.

అమ్మ గోడ మీది ఫ్రేము కేసి చూసింది. దగ్గరికెళ్ళి, ఎప్పుడూ వేలుపెట్టే చోటే మళ్ళీ వేలుపెట్టింది. అలాగే నిలబడి అడిగింది. "పియానో ఎప్పుడూ ఇలాగే పెడతారా? జనానికి ఎప్పుడూ ఇదే పక్క కనిపిస్తుందా?"

"ఎప్పుడూ ఇంతేనమ్మా. కుడి పక్క."

అమ్మ బీరువా తీసింది. గౌను తెచ్చి బల్లమీద వెల్లకిలా పరిచింది. కుట్లు విప్పే చిన్న కత్తెర తీసుకుని, మెడ దగ్గర మొదటి వెండి పువ్వు కిందికి మొన దూర్చి, దారం తెంపింది.

"అమ్మా! మూడు నెలల పని!"

"నోర్మూసుకుని చెయ్యి చాపు. ఎడమది కాదే, కుడిది! ఎంత చదివినా ఎడం కుడీ రావు దీనికి."

సూది కుడిచెయ్యి చాపింది. అమ్మ మోచేతి చుట్టూ టేపు తిప్పి, రెండు కొసలూ వేళ్ళమధ్య పట్టుకుని, అలాగే ఉండిపోయింది. గడియారం నాలుగున్నర దాటుతోంది.

"ఐదింటికి కిటికీ మూసేస్తాడమ్మా. చూడు అంకె."

"చూస్తాలే."

"ఎందుకాగావు?"

"ఏడుపు బిగబట్టుకున్నావు. వదిలెయ్యి ముందు, తర్వాత చూస్తా."

సూది వదిలేసింది. భుజాలు కదిలేలా ఏడ్చింది, ముక్కు ఎగబీల్చింది, ఆఖరికి ఒక పొడుగాటి ఊపిరి విడిచింది. అప్పుడు అమ్మ వంగి టేపు చూసింది.

"ఎనిమిదిన్నర," అంది అమ్మమ్మ వైపు తిరిగి. "గుర్తుపెట్టుకో. నువ్వు సంతకానికి పరిగెత్తవే!"